చేపపిల్ల నిద్రకు పియానో సెట్టింగులు

నమోదు 611

హాలు లాగ్‌లో సాంకేతిక విషయాలు తప్ప ఇంకేమీ రాయొద్దని పై ఆఫీసు నుంచి మళ్ళీ కబురు వచ్చింది. సరే, రాస్తాను. సాంకేతిక విషయం ఏమిటంటే, పంపుల తిరుమలేశుకి కూతురు పుట్టింది.

అతని భార్య సువర్చల కాన్పుకి పైకి వెళ్ళాలనే అనుకున్నారు. పై నుంచి లిఫ్టు దిగేలోపే, నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యాయి. డాక్టర్ ఫరీదా చేతులు కడుక్కునే వ్యవధి కూడా ఇవ్వకుండా పిల్ల బయటికి వచ్చేసింది. మా లోతూరు వెలిశాక సముద్రం అడుగున ఎవరూ పుట్టలేదు. అందుకని ఊరు ఊరంతా క్లినిక్ నడవాలో నిలబడి, అద్దంలోంచి చూసి, ముక్కు ఎవరి పోలికో తేల్చే పనిలో పడింది. ఇంతా చేసి ఆ మనిషి నా మోచేయంత లేదు. పేరు పెట్టేదాకా చేపపిల్ల అందాం అన్నారెవరో. అదే ఖాయమైపోయింది.

పియానో బాగుంది. జట్లు మారిన ప్రతిసారీ పాట వాయించాను.

నమోదు 614

పియానో సాఫ్ట్‌వేర్‌కి అంత మెమరీ ఎందుకని పై ఆఫీసు అడిగింది. పైన ఎండలో కూర్చున్నవాళ్ళకి ఇలాంటి సందేహాలే వస్తాయి. మాకు ఇక్కడ పొద్దు పొడవదు, వాలదు. ఒక జట్టు పని దిగి ఇంకో జట్టు ఎక్కేటప్పుడు నేను హాల్లో వాయించే పాటే మాకు పొద్దు. ప్రతి గది గోడలో ఉన్న స్పీకర్లోంచి అది వినిపిస్తుంది. జనం పళ్ళు తోముకునేదీ, పక్క మీద వాలేదీ ఆ పాటను బట్టే.

ఇంకో సంగతి కూడా గొప్పగానే చెప్పుకుంటాను. నేను ఈ ఉద్యోగంలో చేరినప్పుడు ఆ ఎలక్ట్రిక్ పియానో గోనెసంచీని కర్రతో బాదినట్టు మోగేది. దాని లోపల నిజం సుత్తి లేదు, నిజం ఇనప కడ్డీ లేదు, అంతా లెక్కలే. కానీ తెర మీద ప్రతిదానికీ ఒక మీట ఉంది. సుత్తి గట్టిదనం పెంచాను. గంట ధ్వని పెంచాను. కడ్డీ మోతని పట్టే పికప్‌ని దానికి బాగా దగ్గరగా జరిపాను. సన్నని మోతని పెంచే ట్రెబుల్ మీట దాదాపు చివరిదాకా తోశాను. ఏళ్ళ తరబడి ఒక్కో వెంట్రుకవాసి సవరిస్తూ వస్తే ఇప్పుడు అది మంచు బిందువు రాలినంత తియ్యగా ఉంటుంది. ఆ సవరింపులన్నీ దాచుకున్న ప్రీసెట్‌కి నా పేరే పెట్టుకున్నాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, అడగలేదు కూడా.

నమోదు 617

చేపపిల్ల నిద్రపోవడం లేదు.

ఇవాళ చూడటానికి వెళ్ళాను. వాళ్ళ గది పంపుల పక్కనే. గోడ అదేపనిగా గుర్రుమంటూ ఉంటుంది. సువర్చల కళ్ళ కింద నల్లగా చారలు పడ్డాయి. ఆ అమ్మాయి సముద్రపు నాచు తోటలో కోతల పని చేసేది, బలంగా, నవ్వుతూ తుళ్ళుతూ ఉండేది. ఇప్పుడు కూర్చున్నచోటే తూలుతోంది.

"కునుకు పట్టిందనుకునేలోపే ఉలిక్కిపడి లేచిపోతందక్కా," అంది. "లేచిందంటే ఏడుపే. ఏడ్చి ఏడ్చి అలిసిపోయి పాలు కూడా సరిగ్గా తాగట్లేదు."

తిరుమలేశు పిల్లని భుజాన వేసుకుని పచార్లు చేస్తూ పాడుతున్నాడు. అతని గొంతు సంగతి ఊరందరికీ తెలుసు. లోతూరులో ప్రకటనలన్నీ అతనే చదువుతాడు. గంభీరంగా, లోతుగా, వింటే వీపు నిటారుగా అయ్యే గొంతు. అంత గొంతుతో జోలపాడినా పిల్ల లొంగలేదు.

"ఆయ్, పంపుల మోతేనండక్కా దీని నిద్ర చెడగొడతంది," అన్నాడు. "ఆ మోతకి అడ్డంగా ఏదైనా తియ్యగా వినిపిస్తే పడుకుంటదేమోనండి."

తియ్యగా అనే మాట నా దగ్గర అంటే ఇంక నేను ఆగుతానా? నా పియానో ఉండగా ఒక పసిపిల్ల నిద్ర లేక ఏడవడమా? వాళ్ళ గది స్పీకర్‌కి ప్రత్యేకంగా జోలపాట పంపుతానని మాటిచ్చాను.

నమోదు 619

పంపాను. ఏడ్చింది.

ఇంకా తియ్యగా చేశాను. గంట ధ్వని మరో రెండు గీతలు పెంచి, మీట వదిలినప్పుడు వచ్చే టక్కుమనే చప్పుడు పూర్తిగా తీసేశాను. హాల్లో కూర్చున్నవాళ్ళు కళ్ళు మూసుకుని తలలూపారు. చేపపిల్ల నీలంగా మారేదాకా ఏడ్చింది.

నమోదు 620

అసలు పాట ఆపి చూద్దామంది సువర్చల. నాకు నచ్చలేదు గానీ ఆపాను. పంపుల మోతలోనే పిల్ల అటూ ఇటూ మెసిలి, ముక్కి మూలిగి, ఎలాగో కళ్ళు మూసింది. మేం ముగ్గురం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. ఇంతలో జట్టు మారే వేళయింది. నేను హాలుకి పరిగెత్తి మామూలు పాట వాయించాను. తిరిగి వచ్చేసరికి పిల్ల ఏడుపు నడవా చివరికి వినిపిస్తోంది.

"చూశారా, సంగీతం ఆగిపోయేసరికి బెంగపడింది," అన్నాను. నాకు అదే తోచింది. అందరూ ఒప్పుకున్నారు. జోలపాట వాల్యూమ్ కొంచెం పెంచాం.

నమోదు 622

డాక్టర్ ఫరీదా పిల్లని తూచి, తూకం చూసి, మళ్ళీ తూచింది. ఆమె వరంగల్ మనిషి. మాట దాచడం చేతకాదు.

"పుట్టినప్పటి కంటే తగ్గింది," అంది. "ఇట్లయితే కాదు సువర్చలా. వచ్చే లిఫ్టు నాటికి బరువు పెరగకపోతే నిన్నూ బిడ్డనూ పైకి పంపుత. నాకు ఇంకో దారి లేదు."

లిఫ్టు అంటే ఊరికే ఎక్కి దిగేది కాదు. పీడనం తగ్గించే గదిలో రోజుల తరబడి కూర్చుంటే గానీ పైగాలి పీల్చలేం. అంత చిన్న ఒంటికి ఆ పీడనం మార్పు ఒక్కసారి పడితే చాలు, మళ్ళీ ఎదిగేదాకా కిందికి రానివ్వరు. తిరుమలేశు పంపులు వదిలి కదలడానికి లేదు. అతను వెళ్ళాలంటే ఆ పని తెలిసినవాడు ఇంకొకడు రావాలి, వాడికి శిక్షణ పూర్తికావాలి. అంటే ఆ పిల్ల పాకేదీ, నడిచేదీ, నాన్నా అనేదీ అతను తెర మీదే చూస్తాడు.

తిరుమలేశు తూకం పళ్ళెం దగ్గరికి వచ్చాడు. పిల్ల పాదాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని నిలబడ్డాడు. నాకు దుఃఖం వచ్చింది. హాలుకి వచ్చి ట్రెబుల్ పూర్తిగా చివరికి తోశాను.

నమోదు 625

చెవిలో దురద. ముందు కుడి చెవి, ఇప్పుడు రెండూ. ఈ చెమ్మలో ఇది అందరికీ వచ్చేదే. రేపు క్లినిక్‌కి వెళ్తాను. జోలపాటకి ట్రెమొలో కలిపి చూశాను, ధ్వని అటూ ఇటూ ఊగితే ఉయ్యాలలా ఉంటుందని. పిల్లకి వాంతి అయింది.

నమోదు 626

ఇవాళ్టి సంగతి నింపాదిగా రాయాలి.

"ఏంది అక్కా ఇది, చెవులల్ల ఇంత బూజు పెట్టుకొని తిరుగుతున్నరా?" అని కేకలేసింది ఫరీదా. "పూసలు రెండూ తీసి ఇక్కడ పెట్టండి. పుండు మానేదాంక చెవుల పెట్టద్దు."

లోతూరులో చెవిపూస లేని మనిషి ఉండడు. ఈ లోతులో మేం పీల్చే గాలిలో సగానికి పైగా హీలియం. దాంట్లో ఎవరు మాట్లాడినా బాతులు తగువులాడుకున్నట్టు ఉంటుంది. కిందికి దిగిన రోజే చెవుల్లో పూసలు పెడతారు. అవి ఆ కీచుతనాన్ని కిందికి దించి మామూలు మనుషుల గొంతుల్లా వినిపిస్తాయి. స్నానానికీ తీయం, పడకకీ తీయం. నలుగురిలో పూస తీయడమంటే తువ్వాలు చుట్టుకుని వీధిలోకి రావడం లాంటిదే.

తీసి ఇచ్చాను. ఫరీదా ఏదో చెప్పింది. పెద్ద బాతు పిల్లబాతుల్ని మందలించినట్టు వినిపించింది. నవ్వాపుకోలేకపోయాను. నా నవ్వు నాకే వినిపించి ఠక్కున నోరు మూసుకున్నాను.

నడవాలో పలకరించినవాళ్ళకి తలూపుతూ, నోరు విప్పకుండా హాలు చేరాను. పాట వేళయింది. పియానో ముందు కూర్చుని మొదటి మీట నొక్కాను.

స్టీలు పళ్ళేల దొంతర మెట్ల మీద దొర్లినట్టు మోగింది.

యంత్రం చెడిపోయిందనుకున్నాను. సెట్టింగులన్నీ చూశాను. ఏదీ కదలలేదు, అన్నీ నేను పెట్టినచోటే ఉన్నాయి. మళ్ళీ నొక్కాను. పన్ను జివ్వుమంది. హాల్లో ఉన్నవాళ్ళు మాత్రం ఎప్పటిలాగే హాయిగా తలలూపుతున్నారు. అప్పుడు నడవా చివరి నుంచి చేపపిల్ల ఏడుపు మొదలైంది.

అప్పటికి గానీ నాకు వెలగలేదు. పూసలు మనుషుల గొంతులనే కాదు, చెవిలో పడే ప్రతి చప్పుడునీ కిందికి దించి మొద్దు చేస్తాయి. ఆ మొద్దుతనాన్ని చీల్చుకుని తియ్యగా వినిపించాలనే నేను ఇన్నేళ్ళూ గంటలు పెంచాను, సుత్తులు గట్టిపరిచాను. నేను వాయించింది పియానోకి కాదు, పూసలకి. ఊళ్ళో పూసలు లేని చెవులు ఉన్నది ఒక్కరికే. ఆ ఒక్కరికీ నేను రోజు రోజుకీ ఇంకొన్ని పళ్ళేలు జతచేసి పంపాను.

పాట సగంలో ఆపేశాను. ఊరి చరిత్రలో మొదటిసారి. జనం పళ్ళు తోముకుంటూ బయటికి వచ్చి చూశారు.

నమోదు 627

సువర్చలని పూసలు తీయమంటే మొదట ఒప్పుకోలేదు. "నా గొంతు నేనే వినలేనక్కా, ఒద్దు," అంది. నాకు ఆ మాట కీచుమంటూ వినిపించింది గానీ అర్థమైంది. పెదవులు చూసి మాటలు పట్టుకోవడం కాస్త అలవాటైంది. జవాబు చెబితే పని జరగదని ఆమె చేయి పట్టుకుని చెవి దగ్గరికి తీసుకెళ్ళాను. తీసింది.

పిల్ల వైపు తిరిగి, "ఏమ్మా," అంది. అనగానే తన గొంతు తనకే వినపడి కెవ్వున నవ్వింది. ఆ నవ్వు ఇంకా వింతగా ఉండేసరికి మరీ నవ్వింది. నేనూ నవ్వాను. ఇద్దరం గోడకి చేరగిలబడి, కళ్ళవెంట నీళ్ళు కారేలా, రెండు బాతుల్లా నవ్వాం. చేపపిల్ల మా ఇద్దరినీ శ్రద్ధగా చూస్తూ పడుకుని ఉంది. దానికి ఇందులో వింతేమీ లేదు.

ఆ తర్వాత చిన్న కీబోర్డు ఒళ్ళో పెట్టుకుని పనిలో దిగాను. గంట ధ్వని సున్నా. పిల్ల భృకుటి ముడి వీడింది. సుత్తిని మెత్తబరిచాను, గట్టి చెక్క నుంచి దూది దాకా. పికప్‌ని కడ్డీకి దూరంగా జరిపాను. ట్రెబుల్ తగ్గిస్తూ పోయి, పోయి, నా ప్రాణం ఉసూరుమన్నా ఇంకా తగ్గించాను. ట్రెమొలో ఆపేశాను. ప్రతి మార్పుకీ ఒక స్వరం వాయించి, పిల్ల ముఖం చూసి, తర్వాతిది. ఇన్నేళ్ళలో ఇంత కఠినమైన శ్రోత నాకు తగల్లేదు.

ఒక్కచోట ఆగిపోయాం. అంతా మెత్తగానే ఉంది, కానీ పిల్ల కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. ఇంకేం మిగిలిందా అని మీటలన్నీ చూశాను. మీట వదిలినప్పుడు వచ్చే టక్కు చప్పుడు నేనే తీసేశాను కదా, శుభ్రంగా ఉంటుందని. దాన్ని తిరిగి పెట్టి కొంచెం పెంచాను. ప్రతి స్వరం చివరా ఒక చిన్న మెత్తని దెబ్బ, జోకొట్టే చెయ్యి ఆడినట్టు. చేపపిల్ల ఆవులించింది.

సువర్చల తన కీచు గొంతుతోనే సన్నగా అందుకుంది. నేను ఆమె గొంతు కింద తివాచీ పరిచినట్టు వాయించుకుంటూ పోయాను. పిల్ల నిద్రపోయింది. కాసేపటికి పాట ఆగిపోయింది. ఎందుకా అని చూస్తే సువర్చల కూడా కూర్చున్నచోటే నిద్రపోతోంది. నేను వాయించడం ఆపలేదు.

నమోదు 630

పిల్ల పాలు తాగుతోంది. బరువు పెరుగుతోంది. నేనిప్పుడు లోతూరులో అందరికంటే సంతోషంగా ఉన్న మనిషిని, అందరిచేతా తిట్లు తింటున్న మనిషిని కూడా.

ఎందుకంటే హాలు నుంచి గదులన్నిటికీ వెళ్ళే లైను ఒక్కటే. ప్రమాదం సైరన్ వచ్చేది అందులోంచే కాబట్టి ఏ ఒక్క గది స్పీకరూ ఆపడానికి లేదు. జట్టు పాట పాత సెట్టింగుతో వాయిస్తే చేపపిల్ల లేస్తుంది. కొత్త సెట్టింగుతో వాయిస్తే పూసలున్నవాళ్ళకి పిండి రుబ్బినట్టు వినిపిస్తుంది.

క్యాంటీన్ సత్యవేణి వచ్చి నా ముందు చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడింది. చెవులు మానడంతో నిన్నే పూసలు మళ్ళీ పెట్టుకున్నాను కాబట్టి మాటలన్నీ స్పష్టంగానే వినిపించాయి. "ఏవండీ ఆండాళ్ళు గారూ, రోజంతా పొయ్యిల దగ్గర చచ్చేది ఆ పాట కోసమేనండి. మాకున్న సుఖం అదొక్కటే. దాన్నీ తీసేస్తే ఎలాగండి?"

ఆమెది అన్యాయమైన మాట కాదు. ఆ పాట నాకు మాత్రం చేదా? ఫరీదా మాత్రం ఖండితంగా చెప్పింది. పాత పాట మళ్ళీ మొదలైతే తల్లీబిడ్డలని లిఫ్టు ఎక్కిస్తుంది.

నమోదు 632

హాల్లో అందరినీ పిలిచాను. ఉపన్యాసం తయారు చేసుకున్నాను గానీ సగం మరిచిపోయాను. "పాట వచ్చేంతసేపు పూసలు తీసి చేతిలో పట్టుకోండి, అంతే," అన్నాను. "కొత్త పాట కూడా తియ్యగానే ఉంటుంది. వట్టి చెవులతో వినాలి, అంతే తేడా."

ఎవరూ కదల్లేదు. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. వెనక నుంచి ఎవరో, "నలుగురిలోనా?" అన్నారు. పెళ్ళికాని కుర్రాళ్ళు మరీ కంగారుపడ్డారు.

అందరికంటే గట్టిగా కాదన్నది తిరుమలేశు. నేను ఊహించనే లేదు.

"మీరందరూ తియ్యండి, దణ్ణం పెడతాను," అన్నాడు. "నా వల్ల కాదండక్కా. ఇంట్లో పాప ఉన్నప్పుడు నేను పూస తియ్యను. ఆ గొంతు నాది కాదండి. నా బిడ్డకి తెలిసిన నాన్న గొంతు ఇదేనండి."

 సువర్చల నా వైపు చూసింది. ఆ గంభీరమైన గొంతు అతని పూసల్లోనూ మా పూసల్లోనూ ఉంది తప్ప, ఆ పిల్ల చెవిలో ఒక్కసారి కూడా పడలేదని అతనికి తట్టలేదు. ఈ ఊళ్ళో అది చెప్పగల గుండె ఎవరికీ లేకపోయింది.

సత్యవేణి నిట్టూర్చి, "పసిపిల్ల కోసం ఆ మాత్రం సిగ్గు విడవలేమా ఏంటండి," అని తన పూసలు తీసేసింది. తర్వాత తిరుమలేశు తప్ప నాతో సహా ఒక్కొక్కరూ తీశారు. నేను వాయించాను. హాలు నిండా జనం, చేతుల్లో పూసలు, కొత్తగా కొన్న చెవుల్తో విన్నట్టు విన్నారు. అయిపోయాక ఎవరో తుమ్మారు. ఆ తుమ్ము విని హాలంతా విరగబడి నవ్వింది. సత్యవేణి కళ్ళు తుడుచుకుంటూ ఏదో అంది. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ మెచ్చుకుందనే రాస్తున్నాను.

నమోదు 635

లిఫ్టు దిగింది. ఫరీదా చివరిసారి తూకం వేసింది. మేమంతా తూకం పళ్ళెం చుట్టూ మూగితే, "జర గాలి రానియ్యుండ్రి," అని కసిరింది. అంకె చూసి, పిల్ల బుగ్గ మీద చిటికె వేసి, "ఉండనీ ఇక్కడనే," అంది. తిరుమలేశు గోడ వైపు తిరిగి చాలాసేపు అక్కడి పైపులు పరీక్షించాడు. ఆ గోడకి పరీక్షించాల్సిన పైపులేవీ లేవు.

లిఫ్టు వాళ్ళు లేకుండానే పైకి వెళ్ళింది.

జట్టు పాట అయ్యాక వాళ్ళ గదికి వెళ్ళాను. పిల్ల మేలుకుని గోడ వైపు చూస్తోంది. సువర్చల, నేను పూసలు ఇంకా పెట్టుకోలేదు. తిరుమలేశు గుమ్మంలో నిలబడి మా ఇద్దరినీ చూశాడు, పిల్లని చూశాడు. తల వంచుకుని నెమ్మదిగా ఒక పూస తీశాడు. కాసేపాగి రెండోది.

గొంతు సవరించుకున్నాడు. ఆ చప్పుడుకే అతని ముఖం మాడిపోయింది. మళ్ళీ పెట్టేసుకుంటాడేమో అనుకున్నాను.

"బంగారూ," అన్నాడు. సన్నని, కీచుమనే, ఎవరిదో తెలియని గొంతు.

మాట పూర్తికాకముందే చేపపిల్ల తల తిప్పింది. సూటిగా అతని వైపే చూసి, రెండు చేతులూ ఎగరేసి, నోరంతా తెరిచి నవ్వింది. పుట్టినప్పటి నుంచీ తనకి జోలపాడుతున్న గొంతుని అది గుర్తుపట్టింది. ఆ గొంతు కొత్తగా విన్నది ఆ గదిలో మేం ముగ్గురమే.

తిరుమలేశు అక్కడే నేల మీద కూలబడ్డాడు. "మళ్ళీ పిలవండి," అని సైగ చేసింది సువర్చల. అతను మళ్ళీ పిలిచాడు.